మెట్లు ఊడ్చిన పెళ్లికొడుకు

పోయినవారం మిమ్మల్ని పెద్ద చర్చి మెట్ల కింద ఎండలో నిలబెట్టి వెళ్లిపోయాను. తిట్టుకోకండి. నేనూ అక్కడే నిలబడి ఉన్నాను, అదీ కాలు కరుస్తున్న కొత్త బూట్లతో.

మధ్యలో చేరినవాళ్ల కోసం నాలుగు ముక్కల్లో చెబుతాను. నా పేరు గెజీన. జర్మనీలోని బ్రెమెన్ పాతబస్తీలో, ఎదురెదురుగా వచ్చిన ఇద్దరు కౌగిలించుకుంటే తప్ప దాటలేని ఒక సందులో నాకో చిన్న దుకాణం ఉంది. దాని పేరు ‘ఇద్దరికి మాత్రమే’. శని ఆదివారాలకు ఊరు చూడవచ్చే జంటలకు పడవ షికార్లూ కొవ్వొత్తుల భోజనాలూ కాకుండా, ఇంకెవరూ చెప్పని పనులు చెబుతాను. కళ్లకు గంతలు కట్టుకుని పన్నెండు రకాల టీ రుచి చూడాలి. ఇద్దరూ కలిసి రెండు గంటల్లో ఒక ముక్కాలిపీట చేయాలి, పోట్లాడుకోకుండా. ఒక పూటంతా నోరు విప్పకుండా వేజర్ నది ఒడ్డున నడవాలి. ఈ మూడోదానికి మా ఊరి జంటలు ఒక్కటీ రావు. ఇంట్లో రోజూ చేసేదానికి నీ దుకాణం దాకా ఎందుకంటారు.

మా అక్క హైల్కె కొడుకు మెన్నో. రాటర్‌డామ్ రేవులో ఇంజనీరు. శుక్రవారం నాడు తను ప్రేమించిన పిల్ల ఇనేష్‌ను వెంటబెట్టుకుని, ముక్కూమొహం తెలియని గిరాకీలాగా నా దుకాణానికి వచ్చాడు. ఇనేష్‌ది పోర్చుగల్‌లోని పోర్తో. పియానోలు శ్రుతి చేస్తుంది. ఆ పిల్ల మేకు కొడుతుంటే నేను వేలు తీసి పక్కన పెట్టుకున్నాను, అంత ధైర్యంగా కొట్టింది. పీట తయారయ్యాక దాని మీద ఒకరి తర్వాత ఒకరు కూర్చుని, ఐదు వారాల కిందట తాము పెళ్లి చేసేసుకున్నామని నా చెవిన వేశారు. అమ్మకి ఆదివారం భోజనాల దగ్గర చెబుతాం, అప్పటిదాకా నోరు మెదపకు పిన్నీ అని ఒట్టు వేయించుకున్నారు. వేశాను. నాకు ఒట్టు వేయడం చాలా తేలిక. నిలబెట్టుకోవడమే ప్రాణం మీదికి వస్తుంది.

శనివారం మెన్నోకి ముప్పై నిండాయి. ముప్పై నిండినా పెళ్లికాని మగవాడు పుట్టినరోజున పెద్ద చర్చి మెట్లు ఊడవడం మా ఊరి ఆచారం. పెళ్లికాని పిల్ల ఒకతె వచ్చి ముద్దు పెట్టేదాకా చీపురు దించకూడదు. ఇతను ఊడుస్తుంటే స్నేహితులు వెనక నుంచి సీసా మూతలు కుమ్మరిస్తూనే ఉంటారు. మా మెన్నో ఊరు వదిలి ఎనిమిదేళ్లయింది, తనని అందరూ మరిచిపోయి ఉంటారనుకున్నాడు పాపం. పొద్దున్న పదింటికి అతని చిన్ననాటి స్నేహితుడు హిన్నెర్క్ ఆరుగురిని వేసుకుని దిగాడు. వెనక అంచులు తోకల్లా వేలాడే తోకకోటు తొడిగారు. పొడుగు టోపీ పెట్టారు. సగం పుల్లలు ఊడిన చీపురు చేతికిచ్చారు. నాకు పెళ్లయిందిరా అని ఒక్క మాట అంటే అయిపోయేది. కానీ హిన్నెర్క్ వెనక మా అక్క నిలబడి ఉంది. ఆమె కాళ్ల దగ్గర మూడు గోతాలు, వాటి నిండా సీసా మూతలు. మూడేళ్లుగా చుట్టుపక్కల బీరు దుకాణాలన్నీ తిరిగి ఏరిందట, కొడుకు ముప్పయ్యో పుట్టినరోజు కోసం. ఆ మొహం చూసి మెన్నో చీపురు పుచ్చుకున్నాడు. కొంప అక్కడే మునిగింది.

ఆ మెట్లంటే మా అక్కకి ఎందుకంత పిచ్చో చెప్పాలి. ముప్పై నాలుగేళ్ల కిందట మా బావ డీర్క్ అక్కడే ఊడుస్తుంటే, సంచిలో ఉల్లికాడలు వేసుకుని సంత నుంచి వస్తున్న ఒక పిల్ల ఆగి, జాలిపడి ముద్దు పెట్టింది. ఆ పిల్లే మా అక్క. బావ పోయి ఏడేళ్లయింది. ఆయన ఫొటో కన్నా ఆ ముద్దు కథే ఆమెకు ఎక్కువ తోడు. కొడుకుని కూడా ఆ మెట్ల మీద ఒక పిల్ల ముద్దు పెట్టుకుంటుంటే చూడాలని, అంతే ఆమె కోరిక. ఇంకేమీ అడగలేదు ఈ లోకాన్ని. ఆ ఒక్కటీ ఐదు వారాల కిందటే చేజారిపోయిందని చర్చి ముందరి ఆ చౌకులో ముగ్గురికే తెలుసు. ముగ్గురిలో నేనొకదాన్ని కావడమే నా కర్మ.

ఇక ఈ వారం సంగతికి వద్దాం.

మొదటి అరగంట బ్రహ్మాండంగా గడిచింది. పిడి తిప్పితే పాటలు పలికే బాజా పెట్టె మనిషి పాట మీద పాట వాయించాడు. మెన్నో ఊడ్చిన మెట్టు ఊడ్చినట్టే ఉండగా హిన్నెర్క్ పార నిండా మూతలు తెచ్చి పోశాడు. రాళ్ల మీద అవి గలగలమని దొర్లుతుంటే పిల్లలు వెంట పరిగెత్తారు. చలువకళ్లద్దాల ముసలాయన ఒకడు, ఆ మూల వదిలేశావు చూడు అని వేలితో చూపించాడు. మా అక్క ఆనందం పట్టలేక పక్కనున్న ముక్కూమొహం తెలియనివాళ్లకి కూడా వాడు మా అబ్బాయి అని చెప్పుకుంటోంది. నేనూ నవ్వాను. ఎలాగూ ఊరి దృష్టిలో ఇనేష్ ఇంకా పెళ్లికాని పిల్లే, వెళ్లి ముద్దు పెట్టేస్తుంది, మధ్యాహ్నానికి ఇంటికి పోతాం, రేపు భోజనాల దగ్గర మెల్లగా చెప్పుకోవచ్చు అనుకున్నాను.

ఇనేష్ కదలలేదు.

ఇక చాలురా, పిల్లని పిలవండని హిన్నెర్క్ అరిచాడు. జనం అంతా ఆమె వైపు తిరిగారు. ఇనేష్ చేతిలోని చేప బన్ను సగం తిని ఆపేసి, నేల చూస్తూ నిలబడింది. సిగ్గుపడుతోందనుకుని మా అక్క వెళ్లి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. వెళ్లమ్మా, వాడి నడుం పడిపోయేలా ఉంది అంది ముద్దుగా. ఇనేష్ తల అడ్డంగా తిప్పి, నేను పెట్టకూడదండీ అంది. ఆ మాట మా అక్కకి సరిగా అర్థం కాలేదు. నాకు మాత్రం బాగానే అర్థమైంది.

ఆ పిల్లని రెక్క పట్టుకుని పక్కకి లాక్కెళ్లాను.

“ఏమిటే నీ గొడవ? ఒక్క ముద్దు పడేసి రా, నీ మొగుడేగా.”

“అదే కదా పిన్నీ గొడవ. పెళ్లికాని పిల్ల పెట్టాలి అన్నారు. నాకు పెళ్లయింది.”

“అబ్బా, ఎవరు చూడొచ్చారు?”

“చర్చి గుమ్మంలో నిలబడి అబద్ధం ఆడమంటారా? వంటింట్లో అయితే ఎన్నైనా ఆడతాను. ఇక్కడ ఆడను. అదీ ఆమె కళ్లముందు.”

మా ఊళ్లో ఆ నియమాన్ని ఎవరూ అంత పట్టించుకోరని, మెట్ల మీద ముద్దు పెట్టినవాళ్లలో సగం మంది ఏ లెక్కన పెళ్లికాని పిల్లలో దేవుడికే తెలుసని నచ్చజెప్పబోయాను. ఇనేష్ నా మొహంలోకి చూసి, నిన్న మీరే కదా చెప్పారు, నియమం తప్పితే ముద్దు చెల్లదని, ఊరంతా ఏడు తరాలుగా దాన్ని నిష్ఠగా పాటిస్తోందని అంది. చెప్పిన మాట నిజం. శుక్రవారం టీ పోస్తూ, కళ్లు పెద్దవి చేసి, గొంతు తగ్గించి చెప్పాను. వచ్చిన ప్రతి జంటకీ అలాగే చెబుతాను. నిష్ఠ, ఏడు తరాలు అంటేనే గిరాకీ నమ్ముతారు. నమ్మేది మా ఇంటి కోడలే అవుతుందని నాకేం తెలుసు.

ఈలోగా ఓల్డెన్‌బుర్గ్ నుంచి సరదాగా ఊరు చూడవచ్చిన ఇద్దరు నర్సు విద్యార్థినులు, మేము పెడతాం ముద్దు అంటూ ముందుకొచ్చారు. జనం చప్పట్లు కొట్టారు. అంతవరకూ కదలని ఇనేష్ ఒక్క ఉదుటున మెట్లెక్కి, మెన్నో ముందు చేతులు బార్లా చాపి నిలబడింది. ఇతన్ని ఎవరూ ముట్టుకోవద్దు అంది. తను పెట్టదు, ఇంకొకరిని పెట్టనివ్వదు. చౌకంతా గొల్లుమంది. మా ఊళ్లో ఇలాంటిది ఎవరూ ఎప్పుడూ చూడలేదు. మా చలువకళ్లద్దాల ముసలాయన ఇంటికి ఫోను చేసి పెళ్లాన్ని కూడా రమ్మన్నాడు.

పన్నెండు కొట్టింది. ఒంటిగంటా కొట్టింది. మూడు గోతాలూ ఖాళీ అయిపోయి, హిన్నెర్క్ కింద పోగైన మూతల్నే ఎత్తి మళ్లీ పైన పోస్తున్నాడు. మెన్నో అరచేతులు బొబ్బలెక్కాయి. అయినా నవ్వుతూనే ఉన్నాడు, కానీ ఆ నవ్వు నాకు తెలుసు. చిన్నప్పుడు మా కిటికీ అద్దం పగలగొట్టి వచ్చి నా ఎదురుగా నిలబడ్డప్పుడు కూడా ఇలాగే నవ్వాడు.

మా అక్క మాత్రం నవ్వడం మానేసింది. నేను ఆమెనే చూస్తున్నాను. మొదట మొహంలో వెలుగు పోయింది, తర్వాత భుజాలు కుంగాయి. ఆమెకు తోచినది ఒక్కటే. ఈ పిల్లకి నా కొడుకు అక్కర్లేదు, నలుగురిలో ఆ మాట చెప్పలేక నలిగిపోతోంది. ఏడేళ్లుగా ఎదురుచూసిన రోజు అలా ముక్కలవుతుంటే చూడలేకపోయాను. నా ఒట్టూ నేనూ ఏ గంగలోనైనా కలవనీ అనుకుని నోరు తెరిచాను. అప్పటికే ఆమె మూతల మీద జారుతూ ఇనేష్ దగ్గరికి వెళ్లి చేతులు పట్టుకుంది. నేను వెనకాలే పరిగెత్తాను.

“ఒక్కటే అడుగుతాను, సూటిగా చెప్పు. నేనేమీ అనుకోను. మావాడంటే నీకు ఇష్టం లేదా?”

“చాలా ఇష్టమండీ.”

“మరి ఈ గంటన్నర నుంచి వాణ్ని ఎందుకు ఏడిపిస్తున్నావు?”

ఇనేష్ కళ్లలో నీళ్లు తిరిగాయి. మెన్నో ఊడవడం ఆపేశాడు. చెప్పొద్దని తల ఊపుతున్నాడో, చెప్పెయ్యమని ఊపుతున్నాడో అతనికే తెలియదు.

“నేను పెళ్లికాని పిల్లను కానండీ. నాకు పెళ్లయిపోయింది.”

మా అక్క మెల్లగా ఆమె చేతులు వదిలేసింది.

“ఎవరితో?”

“మీ అబ్బాయితోనే, అత్తయ్యా.”

కింద బాజా పెట్టె మోగుతూనే ఉంది. మా అక్క రెండు మెట్లెక్కి, మెన్నో చేతిలోంచి చీపురు లాక్కుని, తోకకోటు మీద ఫెడీఫెడీమని రెండు తగిలించింది. ఇది కూడా ఆచారంలో భాగమేననుకుని జనం చప్పట్లు కొట్టారు. మూడోది కొట్టబోయి ఆగి, చీపురు పక్కన పడేసి, మూతలు చేత్తో తోసుకుని మెట్టు మీద కూర్చుంది. మేము ముగ్గురం ఆమె చుట్టూ చేరాం. ఎప్పుడు అని అడిగింది. ఏప్రిల్ పదకొండు అన్నాడు మెన్నో. ఎక్కడ అంది. డెన్మార్క్‌లో ఒక ద్వీపం మీద, పాత టౌన్‌హాల్లో అన్నాడు. సాక్షులెవరు అంది. స్వీడన్ నుంచి వచ్చిన ఒక ముసలి జంట, పేర్లు కూడా గుర్తులేవన్నాడు.

“ఎవరో దారినపోయేవాళ్లు చూశారు నీ పెళ్లి. నేను చూడలేదు.”

ఆ మాటకి మెన్నో మోకాళ్ల మీద కూలబడ్డాడు. నెత్తిన టోపీ పక్కకి ఒరిగింది, దాన్ని సర్దుకోవాలని కూడా తోచలేదు.

“పెద్ద పెళ్లి అయితే ముందు వరసలో నీ పక్కన నాన్న కుర్చీ ఖాళీగా ఉంటుంది కదమ్మా. దాన్ని చూస్తూ నిలబడటం నా వల్ల కాదనిపించింది.”

“అందుకని రెండు కుర్చీలూ తీసేయించావన్నమాట.”

మెన్నో ఏడ్చేశాడు. ముప్పై ఏళ్ల ఇంజనీరు, తోకకోటులో, నడి చౌకులో, వెక్కి వెక్కి ఏడ్చాడు. మా అక్క అతని తల తన ఒళ్లోకి లాక్కుంది, కానీ కళ్లు మాత్రం తుడుచుకోలేదు. నాకు అక్కడి నుంచి పారిపోవాలనిపించింది. పారిపోయి ఉండాల్సింది కూడా. ఎందుకంటే ఆమె వెంటనే తల ఎత్తి, ఆ ద్వీపం సంగతి మీకు ఎవరు చెప్పారురా అని అడిగింది. మెన్నో నన్ను చూశాడు. ఇనేష్ నన్ను చూసింది. చివరికి మా అక్కా చూసింది.

దాచి లాభం లేదు. నా దుకాణం పట్టీలో పదకొండో అంశం అది. ఆ ద్వీపానికి పెళ్లి చేసుకోవడానికి దూరదేశాల నుంచి జంటలు వస్తాయి, వాళ్లకి సాక్షులు దొరకరు. మీరు వెళ్లి ముక్కూమొహం తెలియనివాళ్ల పెళ్లికి సాక్షులుగా నిలబడండి, అంతకన్నా తీయని వారాంతం ఇంకోటి ఉండదు అని నేనే రాసి అచ్చు వేయించాను. మెన్నో, ఇనేష్ ఫిబ్రవరిలో సాక్షులుగా వెళ్లారు. అక్కడ నాలుగు పెళ్లిళ్లకు సంతకాలు పెట్టి, నాలుగింటికీ ఏడ్చి, తమ పెళ్లికి కూడా కాగితాలు పెట్టుకుని వచ్చారు. ఏప్రిల్‌లో వధూవరులుగా వెళ్లారు. ఇదంతా ఏకరువు పెట్టి, తప్పు నాదే అక్కా, కొడితే నన్ను కొట్టు అన్నాను. చీపురు కూడా తీసి చేతికిచ్చాను.

మా అక్క చీపురు అందుకోలేదు. ముందు ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని నేను వంగి చూశాను. నవ్వుతోంది. కళ్లనీళ్లు కారుతూనే ఉన్నాయి, నవ్వు మాత్రం ఆగడం లేదు. మూడేళ్లు మూతలు ఏరానే, మూడేళ్లు, పెళ్లైన సన్నాసి కోసం, అని మధ్యమధ్యలో అంటోంది, మళ్లీ నవ్వుతోంది. ఆ నవ్వు మెన్నోకి అంటుకుంది, ఇనేష్‌కి అంటుకుంది, నాకైతే పొట్ట పట్టుకున్నా ఆగలేదు. సంగతేమిటో తెలియని హిన్నెర్క్ కింద నుంచి చూసి, ఏమైతే మనకేమని ఇంకో పారెడు మూతలు తెచ్చి మా నలుగురి నెత్తినా పోశాడు.

నవ్వు ఆగాక మా అక్క జుట్టులోంచి ఒక మూత తీసి విసిరేసి, ఇనేష్ వైపు తిరిగింది.

“లే. వెళ్లి పెట్టు ముద్దు. వీడితో పాటు ఊరంతా భోజనం మానేసి నిలబడింది.”

“కానీ అత్తయ్యా, నియమం...”

“నియమం నాకూ తెలుసు. ఆ రోజు నేనూ దానికి పనికొచ్చే పిల్లను కాను. అయినా ముప్పై నాలుగేళ్లు చెల్లింది నా ముద్దు.”

ఇనేష్ ఒక్క క్షణం ఆమెనే చూసింది. తర్వాత వంగి, ముందు మా అక్క నుదుటి మీద ఒక ముద్దు పెట్టింది. అప్పుడు లేచి మెన్నోని కోటు పట్టుకుని నిలబెట్టి, చౌకంతా చూస్తుండగా, టోపీ ఎగిరి కింద పడేలా ముద్దు పెట్టింది. ఆ ముద్దు ఎంతసేపు సాగిందంటే, బాజా మనిషి పాట అయిపోయి ఇంకోటి మొదలెట్టాడు. నర్సు పిల్లలు ఈలలు వేశారు. ముసలాయన పెళ్లాం సరిగ్గా సమయానికి వచ్చి పడింది. మా అక్క లేచి నిలబడి అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది. ఆమె అడిగిన ఒక్కటీ ఆమెకు దక్కింది, ఐదు వారాలు ఆలస్యంగానైనా, అబద్ధం లేకుండా. నేనూ చేతులు నొప్పెట్టేలా చప్పట్లు కొట్టాను.

ఆ సందట్లో నా బుర్ర ఆలస్యంగా పనిచేసింది. చప్పట్లు కొడుతున్న చేతులు వాటంతటవే ఆగిపోయాయి.

“అక్కా, ఇందాక ఏమన్నావు? నువ్వూ పనికొచ్చే పిల్లవి కావా?”

“విన్నావుగా.”

“బావతో నీ పెళ్లయింది ఆ తర్వాత రెండేళ్లకి కదా.”

“డీర్క్ సంగతి కాదు నేను చెప్పేది.”

నేను మెట్టు మీద చతికిలబడ్డాను. ఆ ఏడాదంతా నేను నార్వేలో చేపల కర్మాగారంలో ఉన్నాను. ఇంటి నుంచి నెలకో ఉత్తరం వచ్చేది, దాంట్లో వాతావరణం తప్ప ఏమీ ఉండేది కాదు. ముద్దు పెట్టిన పిల్లని వెంటనే పెళ్లి చేసుకోకుండా మా బావ రెండేళ్లు ఎందుకు ఆగాడో నేను ఎప్పుడూ అడగలేదు. మా ఇళ్లల్లో అడగరు. నేను ఊళ్లో లేనప్పుడు జరిగిన ఏదో పెళ్లికి విడాకుల కాగితాలు రావడానికి అంత కాలం పట్టిందని ఇప్పుడు ఈ మెట్ల మీద కూర్చుని లెక్క కట్టుకోవాల్సి వచ్చింది. బావకి తెలుసా అని అడిగాను. కింది మెట్టు దిగకముందే చెప్పేశానంది. చెప్పినా చీపురు వదలకుండా నా చెయ్యి పట్టుకున్నాడు, అందుకే ఆయన్ని చేసుకున్నాను అంది.

“ఎవరక్కా ఆ మొదటివాడు?”

మా అక్క వంగి, ఖాళీ గోతాం తీసి దులిపి, నాలుగు మడతలు పెట్టింది. ఆమె చెంపలు ఎర్రబడ్డాయి. ఏడేళ్లలో నేను ఆమె మొహాన ఆ రంగు చూడలేదు.

“అతన్నే రేపు భోజనానికి పిలిచాను. తలుపు నువ్వే తీద్దువుగాని, నీకు బాగా తెలిసినవాడే. అలా నోరు తెరుచుకుని చూడకే గెజీనా. ఈసారి మా పెళ్లికి మాత్రం మీ అందర్నీ పిలుస్తాను.”